అరుణాచల దీపం: ముసురు తప్పించుకుని కొండ మీది వెలుగు చూడటం ఎలా

కార్తీక దీపం చూడాలని అరుణాచలం, అంటే తమిళనాడులోని తిరువణ్ణామలై వెళ్లి, వానలో తడిసి, జనంలో నలిగి, కొండ కొస కనపడకుండానే తిరిగొచ్చినవాళ్లు మన తెలుగు ఊళ్లలో చాలామందే ఉన్నారు. మొదటిసారి నేనూ అంతే. తప్పు దేవుడిదీ కాదు, వానదీ కాదు. ఆ ఒక్క సాయంత్రం, ఆరు గంటల ఆ ఒక్క నిమిషం తప్ప దీపం లేదనుకుని ప్రయాణం వేసుకోవడమే తప్పు. ఆ మహాదీపం ఒక్కరోజుది కాదు. వెలిగించిన రోజుతో కలిపి పదకొండు రోజులు కొండ కొసన వెలుగుతుంది. ఈ సంగతి తెలిసి కూడా చాలామంది టికెట్లు తీసేటప్పుడు మర్చిపోతారు. నేను చెప్పబోయేదంతా ఈ పదకొండు రోజుల చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడుగు: తేదీని మన క్యాలెండర్‌లో వెతక్కండి

కార్తీక దీపం అనగానే మనం కార్తీక పౌర్ణమి అనుకుంటాం. ఇక్కడే తొలి దెబ్బ తగులుతుంది. మన కార్తీకం చాంద్రమాన మాసం, దీపావళి అమావాస్య మర్నాడు మొదలవుతుంది. తమిళుల కార్తిగై సౌరమాసం. సూర్యుడు వృశ్చికరాశిలోకి వచ్చాక, అంటే నవంబరు 16, 17 తేదీల్లో మొదలై డిసెంబరు నడిమికి ముగుస్తుంది. ఆ నెలలో కృత్తికా నక్షత్రం వచ్చే రోజున అరుణాచలంలో దీపం పెడతారు. పౌర్ణమి ఆ రోజో, ఆ ముందూవెనకో ఉంటుంది.

అందుకే కొన్నేళ్లు రెండూ ఒక్కటవుతాయి, కొన్నేళ్లు నెల తేడా వస్తుంది. 2024లో మన కార్తీక పౌర్ణమి నవంబరు 15 అయితే, దీపం డిసెంబరు 13. 2025లో మనది నవంబరు 5, అక్కడ దీపం డిసెంబరు 3. ఆ ఏడాది మా పక్కింటివాళ్లు నవంబరు 5కి రూము తీసుకుని, గిరిప్రదక్షిణ చేసుకుని, దీపమేదని అక్కడ పూలమ్మే ఆవిడను అడిగితే, ఇంకో నెల ఉందని చెప్పిందట. ప్రదక్షిణ పుణ్యం ఎటూ పోదు గానీ, ముసలి తల్లిదండ్రుల్ని తీసుకుని అంత దూరం వెళ్లినవాళ్లకు ఆ మాట ఎలా తగులుతుందో ఊహించుకోండి.

2026లో మాత్రం రెండూ కలిశాయి. నవంబరు 24, మంగళవారం. మన కార్తీక పౌర్ణమి, అరుణాచల దీపం ఒకే రోజు. వినడానికి బాగుంది కానీ, తమిళనాడు జనానికి తోడు మన రెండు రాష్ట్రాల కార్తీక మాస యాత్రికులంతా అదే రోజు అక్కడ ఉంటారని కూడా అర్థం. దీపం డిసెంబరు 4 దాకా ఉంటుంది.

రెండో అడుగు: పదకొండు రోజుల్లో మీ రోజు ఏది?

ముందు మీకేం కావాలో తేల్చుకోండి. ఆ క్షణం కావాలా, ఆ వెలుగు కావాలా?

ఆ క్షణం అంటే ఇది. తెల్లవారుజామున నాలుగింటికి గుడిలో భరణి దీపం వెలిగిస్తారు. సాయంత్రం పంచమూర్తులు, అంటే గుడిలోని ఐదుగురు దేవతల ఉత్సవ విగ్రహాలు వచ్చి ధ్వజస్తంభం దగ్గర కొలువుదీరతారు. ఆరు కొట్టబోతుండగా అర్ధనారీశ్వరుడు బయటికి వస్తాడు. ఏడాదికి ఆ ఒక్కసారే, అదీ రెండు నిమిషాలే. ఆ సమయంలోనే కింద గుడిలో జ్యోతి చూపిస్తారు, పైన, తరతరాలుగా ఆ పని చేసే పర్వతరాజకులం వాళ్లు కొప్పెరలో దీపం ముట్టిస్తారు. "అణ్ణామలైయారుక్కు అరోహరా" అన్న కేక ఊరంతా ఒక్క గొంతై లేస్తుంది. గుమ్మాల ముందు, డాబాల మీద అప్పటిదాకా ఆగిన ప్రమిదలన్నీ ఆ తరవాతే వెలుగుతాయి. దీనికి సాటి ఇంకోటి లేదు. ఇది కావాలంటే జనం, వాన, కాళ్లనొప్పి అన్నిటికీ సిద్ధపడి ఆ రోజే వెళ్లాలి.

ఆ వెలుగు చాలనుకుంటే మాత్రం, మూడో రోజు నుంచి పదో రోజు దాకా ఏ రోజైనా బాగుంటుంది. రోజూ సాయంత్రం వెలిగిస్తారు, రాత్రంతా కనిపిస్తుంది. మూడో రోజుకి ఊరు సగం ఖాళీ అవుతుంది. రూము దొరుకుతుంది. గర్భగుడి దర్శనానికి గంటలకు గంటలు నిలబడక్కర్లేదు.

ఇంకో మంచి కారణం ఉంది, ఎవరూ చెప్పరు. దీపం రోజు నిండు చంద్రుడు ఉంటాడు. పొద్దుగుంకేసరికే తూర్పున పైకి వచ్చి కొండంతా వెన్నెల పరుస్తాడు. అందంగానే ఉంటుంది, కానీ దీపం ఆ వెన్నెలలో కాస్త చిన్నబోతుంది. తరవాత రోజుకి ముప్పావుగంట, గంట చొప్పున చంద్రోదయం ఆలస్యమవుతుంది. 2026 లెక్క వేస్తే నవంబరు 30 నాటికి చంద్రుడు రాత్రి పది దాటాకే వస్తాడు. అప్పటిదాకా చీకటి చిక్కగా ఉంటుంది. ఆ చీకట్లో కొండ ఆకారం కూడా సరిగ్గా కనపడదు, ఆకాశంలో వేలాడదీసినట్టు ఒక్క నిప్పు మాత్రం ఉంటుంది.

వారాలు కూడా చూసుకోండి. 28, 29 శని ఆదివారాలు, బెంగళూరు, చెన్నై కార్లన్నీ అక్కడే ఉంటాయి. నన్నడిగితే సోమవారం నవంబరు 30 నుంచి గురువారం డిసెంబరు 3 వరకు ఉన్న నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు పెట్టుకోమంటాను. ఒక్క రాత్రి చాలదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మూడో అడుగు: ఆకాశం లెక్క

మనకు వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. తమిళనాడుకి అసలు వానాకాలం అప్పుడు మొదలే కాదు. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలై డిసెంబరు ఆఖరు దాకా నడుస్తాయి. అంటే దీపం ఎప్పుడొచ్చినా వానాకాలంలోనే వస్తుంది. మన దగ్గర చలి మొదలైందని స్వెటర్ సర్దుకుని వెళ్తాం, అక్కడికెళ్లాక గొడుగు కొనుక్కుంటాం.

అయితే ఈ వాన రోజూ కురిసేది కాదు. విడతలుగా వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే మూడు నాలుగు రోజులు ముసురు పడుతుంది. అది తీరం దాటి పోయాక మళ్లీ రెండు మూడు రోజులు తెరిపి. తెరిపి రోజుల్లో ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది. మూడు రాత్రులు ఉండమన్నది ఇందుకే. ముసురు మధ్యలో చిక్కినా ఏదో ఒక రాత్రి మబ్బు విడవడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఎలా చూసుకోవాలంటే, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే నాలుగు వారాల అంచనా చూడండి. దాంట్లో రోజు తెలియదు, ఏ వారంలో బంగాళాఖాతం కదిలే సూచన ఉందో మాత్రం తెలుస్తుంది. వారం ముందు నుంచి చెన్నై వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా ఇచ్చే అంచనాలు రోజూ చూడండి. తిరువణ్ణామలై జిల్లా ఒక్కటే చూస్తే చాలదు, పక్కన విల్లుపురం, కళ్లకురిచ్చి కూడా చూడాలి, వాన అటునుంచే వస్తుంది. హెచ్చరిక పసుపు రంగులో ఉంటే వానకోటుతో వెళ్లిపోవచ్చు. నారింజ రంగుంటే ఒకరోజు వెనక్కి జరపండి. ఎరుపుంటే కదలకండి.

వాడే మాటలు కూడా గమనించండి. అల్పపీడనం అంటే ముసురు. వాయుగుండం అంటే దారులు తెగొచ్చు. తుపాను అంటే ప్రయాణం మాట మర్చిపోవడమే. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మర్నాడు, డిసెంబరు 1న, అరుణాచలం కొండవాలు విరిగి కింద ఇళ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు. దీపానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు. ఆ ఏడాది భక్తులను కొండ ఎక్కనివ్వలేదు. దీపం మాత్రం 13న వెలిగింది. ఆ కొండను దేవుడిగా చూసేవాళ్లం, కొండ కింద బతికే మనుషుల్ని కూడా తలుచుకోవాలి. వాన పడుతున్నప్పుడు పైకి ఎక్కుతామని పట్టుబట్టొద్దు.

ఇక చాలామందికి తెలియని చిక్కు ఒకటి. వాన లేకపోయినా దీపం కనపడకపోవచ్చు. కొండ ఎత్తు సముద్రమట్టానికి 2,668 అడుగులు. ముసురు రోజుల్లో మబ్బు అంతకంటే కిందికే దిగి కొసను కప్పేస్తుంది. ఫోన్‌లో వాన లేదని చూపిస్తుంది, కింద రోడ్డు పొడిగా ఉంటుంది, పైన మాత్రం ఏమీ కనపడదు. కాబట్టి అంచనాలో వాన గడి ఒక్కటే కాదు, మబ్బుల గడి కూడా చూడండి. దిగువ మేఘాలు విడిగా చూపించే యాప్ ఉంటే అదే మేలు. గాలి వీచే రాత్రి అయితే ఆశ వదులుకోకండి.

ఒక ఏడాది ఐదో రోజు రాత్రి మా అమ్మను తీసుకుని ప్రదక్షిణ దారిలో ఆది అణ్ణామలై గుడి దాటాక టీ కొట్టు దగ్గర ఆగాం. కొండ కొస లేదు, బూడిద రంగు మబ్బు ఒక్కటే. టీ కొట్టు పెద్దాయన కొండవైపు చూసి "కాత్తు వరట్టుం" అన్నాడు. గాలి రానీ అని. అమ్మ గ్లాసు చేత్తో పట్టుకుని అటే చూస్తూ కూర్చుంది. పావుగంటకి మబ్బు లోపల, దాని కడుపులో నిప్పు పెట్టినట్టు, నారింజ రంగు మరక ఒకటి పుట్టింది. మరక పెద్దదైంది, మళ్లీ సన్నబడింది. తరవాత మబ్బు పక్కకి జరిగిపోయింది, తెర లాగినట్టు. నిప్పు మొన ఒకటే పక్కకి వంగి లేస్తోంది, అక్కడ గాలి ఎంత ఉందో కింద మాకు తెలుస్తోంది. అమ్మ టీ చల్లారిపోయింది. "చూశావురా" అంది, అంతే. ఆ మూడు నిమిషాల కోసం నేను ఇంకో పదిసార్లు వెళ్తాను.

నాలుగో అడుగు: టికెట్లు, రూము

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. నవంబరు 29న బయల్దేరాలంటే సెప్టెంబరు 30 ఉదయం ఎనిమిదింటికి సిద్ధంగా ఉండాలి. మన వైపు నుంచి నేరుగా తిరువణ్ణామలైకి రైలు దొరక్కపోతే బాధపడకండి. కాట్పాడి దాకా టికెట్ తీసుకోండి. కాట్పాడి పెద్ద జంక్షన్, అక్కడినుంచి అరుణాచలం దాదాపు 90 కిలోమీటర్లు, పక్కనే ఉన్న వేలూరు నుంచి బస్సులు ఎప్పుడూ ఉంటాయి. తిరుపతిలో దర్శనం కలుపుకునేవాళ్లకు ఇంకా సులువు. తిరుపతి నుంచి విల్లుపురం వైపు వెళ్లే కొన్ని రైళ్లు పాకాల, చిత్తూరు, కాట్పాడి మీదుగా అరుణాచలంలో ఆగుతాయి. రెండు రాష్ట్రాల ఆర్టీసీలు కూడా అరుణాచలానికి ప్రత్యేక బస్సులు వేస్తున్నాయి. ఒక్కటే ఇబ్బంది, ఆ బస్సులు పౌర్ణమికి కట్టుబడి ఉంటాయి, ఒక రాత్రి ఉంచి తీసుకొచ్చేస్తాయి. మన మూడు రాత్రుల లెక్కకి అవి కుదరవు.

తిరుగు టికెట్ విషయంలో నేను చేసేది ఇది: ఒకరోజు తేడాతో రెండు తిరుగు టికెట్లు తీసి ఉంచుకుంటాను. ఆకాశం చూసుకుని, రద్దు చార్జీ పెరిగే గడువు దాటకముందే ఒకటి రద్దు చేస్తాను. కొంత డబ్బు పోతుంది. ఒక రాత్రి అదనంగా ఉండే స్వేచ్ఛకి అది పెద్ద ఖర్చు కాదు. ఇద్దరు ముగ్గురైతేనే ఇలా చేయండి, పదిమంది బృందానికి ఒకే తేదీ పెట్టుకుని ప్రశాంతంగా ఉండటం మంచిది.

రూము మాత్రం ఫోన్‌లో మాట్లాడి, డబ్బు కట్టాక రసీదు ఫోటో తెప్పించుకోవాల్సిందే. ఓసారి ఒక లాడ్జిలో మాకిచ్చిన రూమునే రెండింతలకు ఇంకొకరికి ఇచ్చేశారు. రాత్రి పదింటికి సామాన్లతో రోడ్డు మీద నిలబడ్డాం. చేతిలో కాగితం ఉంటే అడగటానికి నోరుండేది. ఆశ్రమాల్లో ఉండాలనుకుంటే నెలల ముందే రాయాలి, దీపం రోజుల్లో దొరకడం కష్టం. కొండ కనిపించే డాబా ఉన్న రూమైతే వంద రూపాయలు ఎక్కువైనా తీసుకోండి. ముసురు రాత్రి రోడ్డెక్కకుండా అరగంటకోసారి డాబా మీదికెళ్లి చూసి రావచ్చు.

ఐదో అడుగు: దారి

రెండు దారులు మనసులో పెట్టుకోండి. చెన్నై వైపు నుంచి తిండివనం, జింజీ మీదుగా వెళ్లేది తీరానికి దగ్గర. వాన ముందు దాన్నే కొడుతుంది. ఫెంగల్ తరవాత విల్లుపురం దగ్గర జాతీయ రహదారి నీట మునిగింది, ఆ దారిలో రైళ్లూ ఆగిపోయాయి. చిత్తూరు, వేలూరు, పోలూరు మీదుగా వచ్చేది లోపలి దారి, ఇది కాస్త నయం. బెంగళూరులో ఉన్న మనవాళ్లకి కృష్ణగిరి, చెంగం దారి ఉండనే ఉంది.

అసలు ఆపద అక్కడికి చేరకముందే, మన దగ్గరే రావొచ్చు. 2021లో దీపం నవంబరు 19న. అదే రోజు వాయుగుండం తీరం దాటింది. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయాయి. నెల్లూరు, పడుగుపాడు మధ్య రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి విజయవాడ, చెన్నై లైను ఆగింది. అందుకని రాయలసీమ, నెల్లూరు అంచనా కూడా మీ జాబితాలో ఉండాలి. రైల్వేయే రైలు రద్దు చేస్తే టికెట్ డబ్బు పూర్తిగా వస్తుంది, కంగారుపడి మీరే ముందు రద్దు చేసుకోకండి.

ఆరో అడుగు: సంచి

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు. తలనుంచి వేసుకునే వానకోటు, గొడుగు కాదు. జనంలో గొడుగు పక్కవాళ్ల కళ్లలోకి పోతుంది, పైగా వెనకవాళ్లకు కొండ కనపడదు. పల్చటి శాలువా ఒకటి. రాత్రి ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది కానీ తడిసిన ఒంటికి అదే చలి. రెండు జతల పొడి బట్టలు, ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు, చిల్లర, ఓఆర్ఎస్ పొట్లాలు. ప్రదక్షిణ వట్టి కాళ్లతోనే చేస్తారు గనుక, అయ్యాక తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు, అరికాళ్లకి రాసుకోవడానికి కొబ్బరినూనె. తడి రోడ్డు మీద మెత్తబడ్డ అరికాళ్లకి చిన్న ఇసుకరాయి కూడా ముల్లులా గుచ్చుకుంటుంది, ఇది నడిచినవాళ్లకే తెలుస్తుంది.

ఏడో అడుగు: అక్కడికి చేరాక

సూర్యాస్తమయం ఐదు ముప్పావుకి అటూ ఇటూ. ఐదింటికే నడక మొదలుపెడితే దీపం వెలిగేసరికి మీరు కొండకి దక్షిణంగా, రమణాశ్రమం దాటి ఉంటారు. ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, ఆగుతూ నడిస్తే నాలుగైదు గంటలు. కొండ ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండాలి, మీరు రోడ్డుకి ఎడమ పక్కన నడవాలి. కొండవైపు అంచు సిద్ధులు, దేవతలు నడిచే దారని అక్కడి నమ్మకం. ఇంద్రలింగంతో మొదలై ఈశాన్యలింగం దాకా ఎనిమిది లింగాలూ దారిలోనే వస్తాయి.

ప్రదక్షిణ పూర్తిచేయడానికే అన్నట్టు వేగంగా నడవకండి. చెట్లు, ఇళ్లు అడ్డొచ్చే చోట్ల దీపం మాయమవుతుంది, మలుపు తిరగగానే మళ్లీ కనిపిస్తుంది. ప్రతి మలుపులోనూ కొండ ఆకారం మారుతుంది. పడమటి వైపు, ఆది అణ్ణామలై చుట్టుపక్కల ఊరి దీపాలు తగ్గుతాయి, అక్కడ కాసేపు కూర్చోండి. పెద్దవాళ్లు మొత్తం నడవలేకపోతే రెండు సాయంత్రాలకు పంచుకోండి. మొదటి రోజు ఆది అణ్ణామలై దాకా, మర్నాడు ఆటోలో అక్కడికెళ్లి మిగతా సగం. ఆటో ఎక్కేముందే ధర మాట్లాడుకోండి.

గుడి పగలు చూడండి. తూర్పున ఉన్న రాజగోపురం పదకొండు అంతస్తులు, 217 అడుగులు. మొదలుపెట్టించింది మన శ్రీకృష్ణదేవరాయలు, పూర్తిచేసింది తంజావూరు సేవప్ప నాయకుడు. దాని నీడలో నిలబడి పడమటికి తలెత్తితే, గోపురాల వెనక కొండ, దాని కొసన పగలు సన్నటి నల్లటి చుక్కలా కనిపించేదే కొప్పెర. వేల కిలోల నెయ్యి, పొడవాటి గుడ్డతో పేనిన వత్తి ఆ చుక్క దాకా మనుషుల భుజాల మీదే వెళ్లాయి.

దీపం రోజే వెళ్లాలనుకుంటే

అలాంటివాళ్లకి నాలుగు మాటలు. గుడిలోపల ఆ సాయంత్రం ఉండటానికి పరిమితంగా టికెట్లు ఇస్తారు, కొద్దిరోజుల ముందు దేవస్థానం ఆన్‌లైన్‌లో ప్రకటిస్తుంది, నిమిషాల్లో అయిపోతాయి. అవి దొరక్కపోతే గుడి దగ్గరికి వెళ్లే ప్రయత్నమే చేయొద్దు. ఊరి బయటే బండ్లు ఆపేస్తారు, అక్కడినుంచి నడకే. మధ్యాహ్నం మూడింటికల్లా రమణాశ్రమం వైపో, మీ లాడ్జి డాబా మీదో చోటు చూసుకుని కూర్చోండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి, జనంలో సిగ్నల్ ఉండదు. కలుసుకునే చోటు ముందే అనుకోండి. ఆరింటి తరవాత రెండు గంటలు కదలకుండా కూర్చుంటే తోపులాట తప్పుతుంది.

వెళ్లలేకపోతే

ఎరుపు హెచ్చరిక వచ్చి ప్రయాణం ఆగిపోయిందనుకోండి, ఆ ఏటి దీపం పూర్తిగా పోయినట్టు కాదు. పదకొండు రోజులయ్యాక కొప్పెర కిందికి దింపుతారు. అందులో మిగిలిన మసిని, కార్తిగై తరవాతి తమిళ నెల మార్గళిలో వచ్చే ఆరుద్ర దర్శనం రోజున నటరాజస్వామికి దిద్ది, భక్తులకు ప్రసాదంగా ఇస్తారు. ఆ సమయానికి ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గుతూ ఉంటాయి, రైళ్లలో చోటుంటుంది, ప్రదక్షిణ రోడ్డు పొడిగా ఉంటుంది. మా ఇంట్లో దేవుడి గూట్లో చిన్న కుంకుమ భరిణెలో ఆ మసి ఉంది. ముసురు వల్ల రెండుసార్లు ప్రయాణం మానుకున్న ఏడాది తెచ్చుకున్నది.